పెద్ద ఆఫీసు భవనంలో నడుస్తున్నా తెగిపోని వైఫై: లెక్క, కేబుల్, సెట్టింగులు, పరీక్ష

లాప్‌టాప్ తెరిచి పట్టుకుని, కాల్ మాట్లాడుతూ సీటు నుంచి మీటింగ్ రూముకు నడిచేలోపు మాట తెగిపోతోందంటే చాలా ఆఫీసుల్లో మొదట చేసేది ఇంకో రూటర్ తెచ్చి మధ్యలో పెట్టడం. దాంతో కుదరకపోతే ఉన్నవాటి పవర్ పూర్తిగా పెంచేయడం. ఈ రెండింటితో సమస్య ముదురుతుంది. ఒక యాక్సెస్ పాయింట్‌ను (వైఫై సిగ్నల్ పంచే పెట్టెను, కింద పాయింట్ అంటే ఇదే) వదిలి పక్కదాన్ని ఎప్పుడు పట్టుకోవాలో పాయింటూ తేల్చదు, పాయింట్లన్నిటినీ ఒకచోట నుంచి నడిపే కంట్రోలరూ తేల్చదు. చేతిలో ఉన్న ఫోనే తేల్చుకుంటుంది. పాయింట్ గొంతు ఎంత దూరం వినపడితే ఫోను అంత దూరం దాన్నే పట్టుకుని వేలాడుతుంది. అందుకే భవనం నిండా మెల్లగా మాట్లాడే పాయింట్లు ఎక్కువ పెట్టాలి, ప్రతిదానికీ సొంత కేబుల్ ఉండాలి. కింది లెక్కలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతాయి.

లెక్క పట్టుగా ఉండడానికి ఒక భవనం అనుకుందాం. హైదరాబాద్‌లో మాదాపూర్ వైపు మామూలుగా కనిపించే తరహా: ఐదు అంతస్తులు, అంతస్తుకు 12,000 చదరపు అడుగులు, అంతస్తుకు 100 సీట్లు, చుట్టూ అద్దాలు, నడిమధ్య లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు ఉన్న కాంక్రీటు భాగం. మీ భవనం వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఫోను ఎప్పుడు మారుతుంది

ప్రతి తయారీదారుడికీ ఒక గీత ఉంటుంది. ఆపిల్ తన ఐఫోన్ల గురించి బయటికి చెప్పిన లెక్క ప్రకారం, సిగ్నల్ −70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం; రెండు బలాల మధ్య తేడాను డీబీలో చెబుతారు) కంటే తగ్గేదాకా ఫోను వేరే పాయింట్ కోసం వెతకదు. వెతికినా, డేటా నడుస్తున్నప్పుడు కొత్త పాయింట్ పాతదాని కంటే 8 డీబీ బలంగా ఉండాలి, ఊరికే ఉన్నప్పుడు 12 డీబీ. మ్యాక్ లాప్‌టాప్‌లకు ఆ గీత −75. విండోస్ లాప్‌టాప్‌లలో అది వైఫై కార్డు డ్రైవర్ చేతిలో ఉంటుంది. ఇంటెల్ కార్డుల్లో రోమింగ్ (పాయింట్ నుంచి పాయింట్‌కు మారడం) దూకుడు అనే సెట్టింగు ఐదు మెట్లలో ఉంటుంది, మామూలుగా మధ్య మెట్టులో పెట్టి వస్తుంది.

దీన్నిబట్టి భవనం ఎలా ఉండాలో తేలిపోతుంది. మనిషి కూర్చునే, నడిచే ప్రతి చోటా వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒక పాయింట్ −67 డీబీఎం లేదా అంతకంటే బలంగా వినపడాలి. ఇంకో పాయింట్ −70, −75 మధ్య వినపడాలి. మొదటిది తగ్గుతుండగానే రెండోది పెరుగుతూ ఉంటే ఫోను చటుక్కున మారుతుంది. అదే ఛానెల్ (బ్యాండులో ఒక ముక్క) మీద మూడో పాయింట్ కూడా గట్టిగా వినపడితే అందరూ ఒకే గాలిని పంచుకోవాల్సి వస్తుంది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే నెట్ ఈడుస్తుంది. సిగ్నల్‌కూ చుట్టూ ఉన్న రొదకూ మధ్య తేడా 25 డీబీకి తగ్గకుండా చూసుకోవాలి.

గోడలను ముందు లెక్కలోకి తీసుకోండి

ఫ్లోర్ ప్లాన్‌ను ఆర్కిటెక్టు దగ్గర క్యాడ్ ఫైలుగా తీసుకుని, కాగితంతో సరిపెట్టకుండా భవనంలో తిరగండి. ప్లాన్‌లో గీత ఒకేలా కనిపించినా గోడలన్నీ ఒకటి కావు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర జిప్సం బోర్డు పార్టిషన్ సుమారు 3 డీబీ తింటుంది, మామూలు అద్దం కూడా ఇంచుమించు అంతే. ఇటుక గోడ 6 నుంచి 10 డీబీ, కాంక్రీటు గోడ 12కి పైగా తింటుంది. లిఫ్టు గుంట, సర్వర్ గది ఇనుప తలుపు, ఫైర్ డోర్ 20 డీబీకి పైగా మింగేస్తాయి. 3 డీబీ పోయిందంటే పవర్ సగమైనట్టు, 10 డీబీ పోయిందంటే పదో వంతు మిగిలినట్టు. ఎండ వేడి ఆపడానికి లోహపు పూత వేసిన అద్దాన్ని క్యాబిన్‌లకు వాడారేమో అడిగి తెలుసుకోండి. చూడ్డానికి మామూలు అద్దంలాగే ఉంటుంది, సిగ్నల్‌కు మాత్రం రేకు అడ్డం పెట్టినట్టే.

ప్లాన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఈ గోడలన్నీ గీసి ఊహా సర్వే చేయవచ్చు. ఎకహావ్, హమీనా ఈ పనికి ఎక్కువగా వాడేవి. అంతటితో ఆగకండి. ఒక అంతస్తులో ఒక పాయింట్‌ను స్టాండు మీద సీలింగ్ ఎత్తున నిలబెట్టి, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపే పద్ధతి) బ్యాటరీతో వెలిగించి, పవర్ 14 డీబీఎం దగ్గర పెట్టి, చుట్టూ నడిచి కొలవండి. ఇలా అంతస్తుకు మూడు నాలుగు చోట్ల కొలిస్తే మీ భవనం గోడలు నిజంగా ఎంత తింటున్నాయో తెలిసి ప్లాన్ నమ్మదగ్గదవుతుంది. కొలిచేది మీ ఆఫీసులో అన్నిటికంటే బలహీనమైన పరికరంతో కొలవండి. సర్వే కోసం అమ్మే అడాప్టర్ యాంటెన్నాలు పెద్దవి. అదే చోట మామూలు ఫోను కొన్ని డీబీలు తక్కువ వింటుంది.

ఖాళీ భవనంలో కొలిచి వదిలేస్తే మనుషులు, ఇనుప బీరువాలు, సర్దిన ఫర్నిచర్ వచ్చాక అంకెలు మారతాయి. ఆ మార్పుకు 3 నుంచి 5 డీబీ ముందే వదిలిపెట్టుకోండి.

ఎన్ని పాయింట్లు

రెండు లెక్కలు వేసి ఏది పెద్దదైతే దాన్ని తీసుకోవాలి.

విస్తీర్ణం లెక్క: పార్టిషన్లు ఉన్న ఆఫీసులో ఒక పాయింట్‌కు 1,500 నుంచి 2,000 చదరపు అడుగులు. 12,000ను 1,800తో భాగిస్తే ఏడు.

పరికరాల లెక్క: 100 మందికి మనిషికి లాప్‌టాప్, ఫోను, కొందరికి ట్యాబ్ లేదా వాచీ కలిపి రెండున్నర చొప్పున 250 పరికరాలు. ఒక పాయింట్ మీద 30, 40 దాటకుండా చూస్తే ఏడు ఎనిమిది అవుతాయి. డబ్బా మీద 500 పరికరాలు అని రాసి ఉంటుంది. అన్నీ తగిలించుకోగలదన్నంత వరకే అది నిజం, అన్నీ వీడియో కాల్‌లో ఉంటే మోయలేదు.

అంతస్తుకు ఎనిమిది చొప్పున నలభై, కింద రిసెప్షన్‌కూ పార్కింగ్ దారికీ రెండు, మొత్తం 42. రెండు అదనంగా కొని బీరువాలో పెట్టుకోండి. అదే మోడల్ రెండేళ్ల తర్వాత దొరక్కపోవచ్చు. 60 మంది ఒకేసారి కూర్చునే ట్రైనింగ్ హాలు, మధ్యాహ్నం ఒంటిగంటకు సగం భవనం చేరే క్యాంటీన్ ఉంటే వాటిని విస్తీర్ణంతో కొలవకండి. తలలు లెక్కపెట్టి, పై పరికరాల లెక్కతోనే ఒక్కోదానికి విడిగా పాయింట్లు పెట్టండి.

ఎక్కడ పెట్టకూడదు

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

కారిడార్‌లో వరసగా పెట్టకండి. కేబుల్ ట్రే అక్కడే పోతుంది కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు అదే సులువు. అయితే కారిడార్ పొడవునా అడ్డం లేకపోవడంతో ఆ చివరి పాయింట్ ఈ చివర దాకా గట్టిగా వినపడుతుంది, ఫోను పక్కన ఉన్నదాన్ని వదిలి దూరపుదాన్ని పట్టుకుంటుంది. పాయింట్‌ను మనుషులు కూర్చునే గదిలోనే పెట్టండి. గోడలు అప్పుడు మనకు సాయం చేస్తాయి, ఒక పాయింట్ గొంతు పక్క గదుల మీద పడకుండా ఆపుతాయి.

ఫాల్స్ సీలింగ్ పైన దాచకండి. పైన ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు, ఇనుప ట్రేలు ఉంటాయి. సిగ్నల్ వాటికి తగిలి చెదిరిపోతుంది, వేడికి పరికరం కూడా త్వరగా పోతుంది. సీలింగ్ కింద, నేలకు 2.7 నుంచి 3 మీటర్ల ఎత్తులో, ముఖం కిందికి చూసేలా బిగించాలి. సీలింగ్ పాయింట్‌ను గోడకు నిలువుగా బిగిస్తే దాని యాంటెన్నా గది వైపు పంపాల్సింది పై అంతస్తుకు, కింది అంతస్తుకు పంపుతుంది. పెద్ద లోహపు వస్తువుకు కనీసం ఒక మీటరు దూరం ఉంచండి.

ఐదు అంతస్తుల్లోనూ పాయింట్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా రాకూడదు. శ్లాబ్ 15, 20 డీబీ తిన్నా, సరిగ్గా కింద నిలబడ్డ మనిషికి పై పాయింట్ ఇంకా వినపడుతుంది. ఒక అంతస్తులో కిటికీల వైపు మొదలుపెడితే పై అంతస్తులో లిఫ్టుల వైపు నుంచి మొదలుపెట్టి జరుపుతూ పోండి. మెట్ల దగ్గర, లిఫ్టు ముందు నిలబడే చోట మాత్రం ప్రతి అంతస్తులోనూ కవరేజీ ఖాయంగా ఉండాలి, మనుషులు అంతస్తు మారేది అక్కడే. లిఫ్టు లోపల తెగిపోవడం సహజం. తలుపు తెరుచుకోగానే −67 దొరకాలి, అంతే.

కేబుల్, స్విచ్, కరెంటు

సిగ్నల్‌ను గాలిలోనే అందుకుని మళ్లీ పంపే రిపీటర్లు, వైర్‌లెస్ మెష్ ఆఫీసుకు పనికిరావు. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేస్తే ప్రతి అడుగుకీ వేగం సగానికి పడిపోతుంది. ప్రతి పాయింట్‌కూ కేబుల్ లాగాలి. క్యాట్ 6ఏ రకం కేబుల్ అయితే పదేళ్లు చూసుకోనక్కర్లేదు. బడ్జెట్ లేకపోతే క్యాట్ 6 కూడా 2.5 గిగాబిట్‌కు సరిపోతుంది. ర్యాక్‌లో కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ నుంచి అవతలి చివర నెట్‌వర్క్ సాకెట్ వరకు 90 మీటర్లు, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 100 మీటర్లు దాటకూడదు. ప్రతి చోటికి ఒకటి బదులు రెండు కేబుళ్లు లాగించండి. సీలింగ్ మూసేశాక రెండోది లాగాలంటే అయ్యే ఖర్చు ముందు, ఇప్పుడు రెండో కేబుల్ ధర లెక్కలోకే రాదు. సగటున 35 మీటర్లు, ఎనిమిది చోట్లకు రెండేసి అంటే 560 మీటర్లు. 305 మీటర్ల డ్రమ్ములు అంతస్తుకు రెండు, మొత్తం పది.

డ్రమ్ము మీద రాగి అని ఉన్నా నమ్మకుండా కొస చెక్కి చూడండి. అల్యూమినియం తీగకు రాగి పూత వేసిన కేబుల్ బజారులో చవగ్గా దొరుకుతుంది. కత్తితో గీస్తే లోపల వెండి రంగు బయటపడుతుంది. దాని మీదుగా పీఓఈ పంపితే తీగ వేడెక్కుతుంది, దూరం చివర వోల్టేజీ పడిపోతుంది. పాయింట్ రోజూ మధ్యాహ్నం లోడు పెరగగానే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, కారణం దొరక్క సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. లాగిన ప్రతి కేబుల్‌నూ టెస్టర్‌తో కొలిపించి రిపోర్టు తీసుకున్నాకే బిల్లు చెల్లించండి. దీపాలు వెలిగే చవక టెస్టర్ తీగ కలిసిందని మాత్రమే చెబుతుంది, వేగం మోస్తుందని చెప్పదు.

పీఓఈలో మూడు తరగతులు గుర్తుంచుకుంటే చాలు. 802.3ఏఎఫ్ స్విచ్ (అంతస్తు కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె) దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, 802.3ఏటీ 30 వాట్లు, 802.3బీటీ 60 లేదా 90 వాట్లు. ఈ కాలపు వైఫై 6 పాయింట్లు ఎక్కువగా ఏటీ కోరతాయి. పాత ఏఎఫ్ స్విచ్‌కు తగిలిస్తే పాయింట్ వెలుగుతుంది గానీ కొన్ని రేడియోలు ఆపేసుకుని నడుస్తుంది. తెలియని వాళ్లకు అది కొత్త పాయింట్ లోపంలా కనిపిస్తుంది. ఎనిమిది పాయింట్లకు 30 చొప్పున 240 వాట్లు. 370 వాట్ల బడ్జెట్ ఉన్న 24 పోర్టుల స్విచ్ అంతస్తుకు ఒకటి పెడితే ఐపీ ఫోన్లకు, కెమెరాలకు 130 వాట్లు మిగులుతాయి. పోర్టుల లెక్క చూసి కొని వాట్ల లెక్క మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు.

అంతస్తు స్విచ్‌ల నుంచి సర్వర్ గదికి రాగి వద్దు, ఫైబర్ వేయండి. ఓఎం3 ఫైబర్ 10 గిగాబిట్‌ను 300 మీటర్ల వరకు తీసుకెళుతుంది. వేరే బ్లాకుకో, గేటు దగ్గరి సెక్యూరిటీ గదికో కలపాలంటే ఫైబర్ తప్పనిసరి. ఆరుబయట వేసిన రాగి కేబుల్ ఉరుముల కాలంలో స్విచ్‌నే కాల్చేస్తుంది.

కరెంటు సంగతి మన దగ్గర మరింత ముఖ్యం. కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి పది, ఇరవై సెకన్లు పట్టినా, ఆ లోపు ఆరిన స్విచ్ మళ్లీ లేవడానికి మూడు నాలుగు నిమిషాలు, పాయింట్లు కంట్రోలర్‌ను పట్టుకోవడానికి ఇంకో అంత పడుతుంది. ఇరవై సెకన్ల కోత ఎనిమిది నిమిషాల మూగతనం అవుతుంది. అందుకని ప్రతి అంతస్తు ర్యాక్, సర్వర్ గది స్విచ్, ఫైర్‌వాల్, ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన డబ్బా, ఇవన్నీ యూపీఎస్ మీదే ఉండాలి. ఆఖరిదాన్ని తరచుగా పక్క గోడ సాకెట్‌లో పెట్టి మరిచిపోతారు. ర్యాక్‌కు ఎర్తింగ్ కొలిపించండి.

ఛానెళ్లు, పవర్

వైఫై వాడే ఇంకో బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఎనిమిది పాయింట్లలోనూ ఆ రేడియో వెలిగిస్తే మూడింటినీ ఎనిమిది మంది పంచుకోవాలి. అంతస్తుకు మూడు పాయింట్లలోనే ఉంచి మిగతా ఐదింటిలో ఆపేయండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. క్యాంటీన్ మైక్రోవేవ్, బ్లూటూత్ కూడా ఈ గాలినే వాడతాయి.

అసలు పని 5 గిగాహెర్ట్జ్‌లో. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది కాబట్టి మనకు 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిలో 36, 40, 44, 48, 149, 153, 157, 161, 165, ఈ తొమ్మిదికీ కింద చెప్పే రాడార్ నిబంధన ఉండదు. అంతస్తులో ఎనిమిది పాయింట్లు, చేతిలో తొమ్మిది ఛానెళ్లు. అంటే ఒక అంతస్తులో ఏ రెండు పాయింట్లూ ఛానెల్ పంచుకోనక్కర్లేదు. 20 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టమని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. రెండు యాంటెన్నాల వైఫై 6 ఫోనుకు 20 మెగాహెర్ట్జ్‌లో లింకు వేగం గరిష్ఠంగా 287 మెగాబిట్లు. నిజంగా అందేది అందులో సగం పైచిలుకు, అది కూడా అందరికీ కలిపి. ఒక హెచ్‌డీ వీడియో కాల్‌కు 3, 4 మెగాబిట్లు చాలు. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె కోసం 80 మెగాహెర్ట్జ్ పెడితే ఆ తొమ్మిది కాస్తా రెండుకు కుదించుకుపోతాయి, అప్పుడు అందరూ అందరికీ అడ్డమే.

52 నుంచి 144 వరకు ఛానెళ్లు రాడార్ కోసం చెవి ఒగ్గాల్సినవి. పాయింట్ వాటిని వాడే ముందు 60 సెకన్లు మౌనంగా వినాలి. రాడార్ వినపడితే పది సెకన్లలో వదిలేసి అరగంట దాకా ముట్టుకోకూడదు. అప్పుడు దాని మీద ఉన్న ఫోన్లన్నీ కదిలిపోతాయి. ఫోన్లు ఈ ఛానెళ్లను సొంతంగా పలకరించవు, పాయింట్ తన పేరు చాటుతూ పంపే బీకన్ వినపడేదాకా ఎదురుచూస్తాయి కాబట్టి మారడం కూడా నెమ్మదిస్తుంది. విమానాశ్రయానికి దగ్గరగా ఉంటే వీటిని ముందే తీసేయండి. మిగతా చోట్ల కొన్ని పాయింట్ల మీద వాడి, నెల రోజులు లాగ్ (జరిగినవి పరికరం రాసుకునే పట్టిక) చూసి, రాడార్ కబురు లేకపోతే 40 మెగాహెర్ట్జ్‌కు పెంచే ఆలోచన చేయవచ్చు.

పవర్ విషయంలో ఒకటే సూత్రం: పాయింట్ గొంతు ఫోను గొంతుకు మించకూడదు. పాయింట్ 23 డీబీఎంతో అరిస్తే ఫోనుకు వినపడుతుంది, ఫోను తన 14తో ఇచ్చిన జవాబు పాయింట్‌కు చేరదు. 'సిగ్నల్ ఫుల్ ఉంది, నెట్ రావట్లేదు' అనే ఫిర్యాదులో సగం ఇదే. 5 గిగాహెర్ట్జ్‌కు 12 నుంచి 16 డీబీఎం, 2.4కు దానికంటే 6 డీబీ తక్కువ పెట్టండి. 2.4 సహజంగానే ఎక్కువ దూరం పోతుంది. సమానంగా పెడితే ఫోన్లు అటే మొగ్గుతాయి. కంట్రోలర్ తనంతట తాను పవర్, ఛానెల్ మార్చే సౌకర్యాన్ని వాడవచ్చు. అయితే దాని కింది, పై హద్దులు మీరు కట్టి, ఛానెల్ మార్పు రాత్రి పూట మాత్రమే జరిగేలా పెట్టాలి. వదిలేస్తే ఆఫీసు నడిచే వేళ ఛానెళ్లు మార్చి కాల్స్ తెంచుతుంది.

6 గిగాహెర్ట్జ్ రేడియో ఉన్న పాయింట్లకు ఎక్కువ పెట్టే ముందు ఒక మాట. 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ భాగానికి 2025 మేలో ముసాయిదా నిబంధనలు వెలువడ్డాయి. కొనేరోజుకు అమల్లో ఉన్న తుది నిబంధన ఏమిటో, ఆ మోడల్‌కు కేంద్రం వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ పరికరాలకు ఇచ్చే ఈటీఏ అనుమతిలో ఆ బ్యాండు ఉందో లేదో కాగితం మీద చూపించమనండి. విదేశం నుంచి తెప్పించిన పరికరాల్లో దేశం సెట్టింగు ఇండియా అని మార్చకపోతే ఛానెళ్ల జాబితా తప్పుగా వస్తుంది.

పేర్లు, విలాన్‌లు, ఐపీలు

నెట్‌వర్క్ పేర్లు మూడు చాలు: ఉద్యోగులకు ఒకటి, అతిథులకు ఒకటి, ప్రింటర్లు, టీవీలు, హాజరు యంత్రాల వంటివాటికి ఒకటి. ప్రతి పేరూ ప్రతి పాయింట్ నుంచీ సెకనుకు సుమారు పదిసార్లు బీకన్ పంపుతుంది, అదీ అన్నిటికంటే తక్కువ వేగంతో. డిపార్ట్‌మెంటుకో పేరు పెట్టి ఎనిమిది చేస్తే ఎవరూ ఏమీ వాడకముందే గాలిలో పెద్ద భాగం బీకన్లకే పోతుంది. అంతస్తుకో పేరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పేరు మారితే ఫోనుకు అది వేరే నెట్‌వర్క్, రోమింగ్ అనే మాటే ఉండదు. కనీస వేగాన్ని 12 మెగాబిట్లకు పెంచి 1, 2, 5.5, 11 తీసేయండి. దూరంగా పోయిన ఫోను వేలాడకుండా వదిలేస్తుంది, బీకన్లూ త్వరగా ముగుస్తాయి.

ప్రతి పేరుకూ ఒక విలాన్ (అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగం). ఉద్యోగుల విలాన్ ఐదు అంతస్తులకూ ఒకటే ఉండాలి, లేదా ఏ అంతస్తు నుంచి వచ్చినా డేటాను కంట్రోలర్ ఒకే చోటికి టన్నెల్ చేసేలా ఉండాలి. అంతస్తు మారగానే ఐపీ మారితే కాల్ తెగక తప్పదు. 500 మందికి రెండున్నర చొప్పున 1,250 చిరునామాలు కావాలి. 22 బిట్ల సబ్‌నెట్ (ఐపీ చిరునామాల గుంపు)లో వాడుకోగలిగేవి 1,022 మాత్రమే. కాబట్టి 21 తీసుకోండి, 2,046 వస్తాయి. ఇంత పెద్ద విలాన్‌లో అందరికీ ఒకేసారి పోయే అనవసరపు బ్రాడ్‌కాస్ట్‌ను పాయింట్ దగ్గరే ఆపే సెట్టింగు తప్పకుండా పెట్టాలి. అతిథుల డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే ఏర్పాటు) లీజును, అంటే ఒక ఐపీని ఒకరికి కేటాయించి ఉంచే సమయాన్ని, రెండు గంటలకు తగ్గించండి. ఈ రోజుల్లో ఫోన్లు తమను నెట్‌వర్క్ గుర్తుపట్టే మ్యాక్ చిరునామా మారుస్తుంటాయి. లీజు ఒక రోజు పెడితే సాయంత్రానికి చిరునామాలు అయిపోయి, కొత్తగా వచ్చినవాళ్ల ఫోన్లు ఐపీ కోసం గిరగిరా తిరుగుతూ ఉంటాయి. అతిథులు ఒకరినొకరు చూడకుండా, లోపలి నెట్‌వర్క్ వైపు పోకుండా తలుపు వేయండి.

2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, పరికరాల గడియారాలు నెట్‌వర్క్ మీద సమయం అందించే ఎన్‌టీపీతో సరిచూసి ఉండాలి. ఎవరు ఎప్పుడు ఏ ఐపీ వాడారో చెప్పే డీహెచ్‌సీపీ, లాగిన్ లాగ్‌లను మొదటి రోజు నుంచే విడి సర్వర్‌కు పంపండి.

రోమింగ్ సెట్టింగులు

మూడు ప్రమాణాలు కలిసి పనిచేస్తాయి. 802.11కే ఫోనుకు పక్కింటి పాయింట్ల జాబితా ఇస్తుంది, అన్ని ఛానెళ్లూ వెతికే పని తప్పుతుంది. 802.11వీ ఫలానా పాయింట్‌కు పోతే మంచిదని సలహా ఇస్తుంది. వినడం వినకపోవడం ఫోను ఇష్టం. 802.11ఆర్ తాళం ముందే సిద్ధం చేసి ఉంచుతుంది. ఉద్యోగులు లాగిన్ తనిఖీ చేసే రేడియస్ సర్వర్ ద్వారా సొంత ఐడీతోనో సర్టిఫికెట్‌తోనో లాగిన్ అయ్యే చోట మూడోది ప్రాణం. అది లేకపోతే ప్రతి మార్పులోనూ మొత్తం తనిఖీ మళ్లీ జరిగి వందల మిల్లీసెకన్లు పోతాయి, సర్వర్ వేరే ఊళ్లో ఉంటే ఇంకా ఎక్కువ. అది ఉంటే పని 50 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ముగుస్తుంది, చెవికి తెలియదు.

ఉద్యోగుల పేరు మీద మూడూ వెలిగించండి, వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ3 లేదా డబ్ల్యూపీఏ2, 3 కలిపిన పద్ధతి పెట్టండి. పరికరాల పేరు మీద 802.11ఆర్ ఆపేసి డబ్ల్యూపీఏ2తో ఉంచండి. పాత ప్రింటర్లు, బార్‌కోడ్ స్కానర్లలో కొన్ని 802.11ఆర్ కనపడగానే అసలు కలవడానికే నిరాకరిస్తాయి. పేరు విడిగా పెట్టడానికి ఇదే కారణం.

బలహీనంగా ఉన్న ఫోనును బలవంతంగా గెంటేసే సెట్టింగు కూడా కంట్రోలర్లలో ఉంటుంది. పవర్, కనీస వేగం సరిచేశాక కూడా వేలాడే ఫోన్లు మిగిలితేనే దాన్ని −80 దగ్గర పెట్టండి. −70 దగ్గర పెడితే మూల సీట్లవాళ్లు రోజంతా తెగుతూ కలుస్తూ ఉంటారు.

నడిచి చూడండి

ఆఫీసు నిండుగా ఉన్న మంగళ, బుధవారాల్లో, పదకొండు గంటల వేళ చేయండి. ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్, ఒక విండోస్ లాప్‌టాప్ తీసుకోండి. లాప్‌టాప్‌లో గేట్‌వేకు (నెట్‌వర్క్ నుంచి బయటికి పోయే ద్వారానికి) ఆపకుండా పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే చిన్న సందేశం) పెట్టి, ఫోనులో వీడియో కాల్ తెరిచి, మామూలు నడకతో మూల సీటు, కారిడార్, మీటింగ్ రూము, లిఫ్టు ముందు, మెట్ల మీదుగా పై అంతస్తు, మళ్లీ సీటు అనే దారిలో తిరగండి. మీటింగ్ రూము తలుపు మూసి కూడా చూడండి. ప్రతి మార్పు దగ్గర ఒక పింగ్ పోతే ఫర్వాలేదు. వరసగా మూడు పోతే ఆ చోటు ప్లాన్‌లో గుర్తుపెట్టండి. మాట స్పష్టంగా ఉండాలంటే ప్యాకెట్ నష్టం (దారిలో పోయే డేటా ముక్కలు) 1 శాతం లోపు, జిట్టర్ (ముక్కలు చేరే సమయంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలి.

గుర్తుపెట్టిన చోట్ల ముందు ఫోను ఏ పాయింట్‌ను పట్టుకుందో కంట్రోలర్‌లో చూడండి. దూరపుదాన్ని పట్టుకుని ఉంటే ఆ దూరపుదాని పవర్ 2, 3 డీబీ తగ్గించండి, దగ్గరిదాన్ని పెంచకండి. దగ్గరిదాన్నే పట్టుకుని నెమ్మదిగా ఉంటే ఛానెల్ ఎంత నిండిందో చూడండి. 50 శాతం దాటి ఉంటే అదే ఛానెల్ మీద ఇంకెవరున్నారో వెతకండి, పక్క కంపెనీ పాయింట్ కావచ్చు, ఎవరో డెస్కు కింద పెట్టుకున్న సొంత రూటర్ కావచ్చు. సొంత రూటర్ ఇంకో ప్రమాదం తెస్తుంది: దాని డీహెచ్‌సీపీ మన నెట్‌వర్క్‌లోకి చొరబడి తప్పు ఐపీలు పంచుతుంది. స్విచ్‌లో దాన్ని ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్, ఒకే కేబుల్ రెండు కొసలూ గోడలోనే గుచ్చినప్పుడు వచ్చే లూపును ఆపే బీపీడీయూ గార్డ్, రెండూ యూజర్ పోర్టుల మీద వెలిగించి ఉంచండి.

ఒకే మోడల్ లాప్‌టాప్‌లు మాత్రమే తెగుతుంటే భవనాన్ని ముట్టుకోకండి, ఆ కార్డు డ్రైవర్‌ను తయారీదారుడి సైటు నుంచి కొత్తది వేయండి. అన్ని పరికరాలూ ఒకే నిమిషంలో తెగితే కారణం గాలిలో వెతకడం దండగ. స్విచ్ లాగ్, యూపీఎస్, రేడియస్, ఇంటర్నెట్ లైను, ఈ వరసలో చూడండి. పాయింట్ల ఫర్మ్‌వేర్‌ను (లోపలి సాఫ్ట్‌వేర్‌ను) ముందు ఒక్క అంతస్తులో మార్చి, వారం చూశాక మిగతా నాలుగింటిలో మార్చండి. కొత్త పార్టిషన్ లేచినా, సీట్లు పెరిగినా ఆ అంతస్తు వరకు నడక మళ్లీ చేసి, పాయింట్ పేరు, పోర్టు నంబరు, ఛానెల్, పవర్ రాసిన ప్లాన్‌ను ర్యాక్ తలుపు లోపల కొత్తది అంటించండి.